దొరగారి యాస, దేవుడి దగ్గర కవరు

కొరివితో తల గోక్కున్నవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. నేను ఆ కొరివిని రెండు నెలల పాటు ఊది ఊది రాజేసి, దానికి పసుపు కుంకుమ పెట్టి, గుడికి తీసుకెళ్లి, పదిమంది ఎదుట తల గోక్కున్నవాణ్ని. జరిగి తొమ్మిదేళ్లైంది. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా మా ఆవిడ శైలజ కాఫీ చేతికిచ్చి, "మీకు మావారి కవరు కథ తెలుసా?" అని మొదలుపెడుతుంది. ఆవిడ చెప్పేకంటే నేనే చెప్పుకుంటే పరువు నాలుగణాలైనా మిగులుతుందని ఈ ప్రయత్నం.

మేముండేది ఫార్మింగ్టన్ హిల్స్‌లో. కార్లకి సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీర్ని. మీరు కూర్చునే సీటు కింద, మీరెప్పుడూ చూడని, చూడాల్సిన అవసరం కూడా లేని ఇనుప బ్రాకెట్ ఒకటి ఉంటుంది. అది నాది. అప్పటికి నా హెచ్-వన్ వీసాకి ఐదో ఏడు నడుస్తోంది. ఆ వీసా ఆరేళ్లే. ఆరో ఏడు మొదలయ్యేలోపు కంపెనీ నా గ్రీన్ కార్డ్ కాగితాలు కదిలిస్తే వీసా పొడిగించుకుంటూ పోవచ్చు. లేకపోతే పెట్టే బేడా సర్దుకుని తణుకు బస్సెక్కాలి. శైలజ నర్సింగ్ కోర్సు సగంలో ఉంది. పెళ్లైన పదేళ్లకి, పట్టుబట్టి, చిన్న పిల్లలతో కలిసి పరీక్ష రాసి తెచ్చుకున్న సీటు అది. మేం వెళ్లిపోతే ఆ చదువు అక్కడితో సరి.

కాగితాలు కదలాలంటే మా డైరెక్టర్ ఒక లెటర్ మీద సంతకం పెట్టాలి. పెడతాను పెడతాను అన్న డైరెక్టర్ పెట్టకుండానే వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలోకి, ఇంగ్లండ్‌లో ఉన్న మా కవెంట్రీ ప్లాంట్ నుంచి గ్రాహమ్ అనే ఆయన వస్తున్నాడని మెయిల్ వచ్చింది. నాకు ఎనిమిది నెలల టైమ్ ఉంది.

ఆ మెయిల్ ముందు చదివింది నరేందర్. కరీంనగర్ కుర్రాడు, మా ఆఫీసే, నాలాగే వీసా లెక్కలు వేసుకుంటూ బతికేవాడు. రోజూ ఒకే కార్లో వెళ్లేవాళ్లం.

"అన్నా, కొత్త సారు ఇంగ్లండాయన అట. మనల్ని గుర్తుపెట్టుకోవాలంటే ఏదన్న చెయ్యాలె," అన్నాడు.

బాగా పనిచేస్తే గుర్తుపెట్టుకుంటాడు కదా అని మీకు తోచవచ్చు. నాకు తోచలేదు. నేను ఎంసెట్ రోజుల్లో బిట్ బ్యాంకులు నమిలి మింగి పెరిగినవాణ్ని. ప్రపంచంలో ఏ సమస్యకైనా ఒక బిట్ బ్యాంక్ ఉంటుందనీ, దాన్ని బట్టీ పడితే ర్యాంకు వస్తుందనీ నా గట్టి నమ్మకం. ఇంగ్లండు వాళ్లు మామూలు మాటల్నే వాళ్లలో వాళ్లు వేరే అర్థాలతో వాడతారని ఇంటర్నెట్‌లో ఒక పట్టిక దొరికింది. రెండు వందల మాటలు. రూళ్ల నోట్‌బుక్కులోకి నంబర్లేసి ఎక్కించుకున్నాను. రోజుకి పది చొప్పున బట్టీ, పొద్దున కార్లో నరేందర్‌కి అప్పజెప్పడం.

"అన్నా, నాకర్డ్ అంటే? ఎ, తలుపు కొట్టుట. బి, బాగా అలిసిపోవుట. సి, పైవేవీ కావు."

"బి."

"కరెక్ట్. గటెడ్ అంటే?"

"మనసు విరిగిపోవుట. ఎగ్జాంపుల్ చెప్పనా?"

"వద్దన్నా, ఎగ్జిట్ మిస్సయితది."

అన్నిట్లోకీ నాకు తెగ నచ్చిన మాట ప్యాంట్స్. మనకి ప్యాంటు అంటే ప్యాంటే. అమెరికా వాళ్లకీ అంతే. ఇంగ్లండులో మాత్రం అది లోపల వేసుకునేది. అక్కడితో ఆగారా? ఏదైనా చెత్తగా ఉంటే ప్యాంట్స్ అంటారు. మరీ చెత్తగా ఉంటే బండెడు ప్యాంట్స్ అంటారు. బస్సు తప్పిపోతే "ఛ!" అనడానికి బదులు "ప్యాంట్స్!" అంటారు. ఒక్క బట్టతో ఇన్ని పనులు చేసుకునే జాతి పావు వంతు ప్రపంచాన్ని ఏలిందంటే ఏలదూ మరి! ఆ పేజీలో ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీసి, "వెరీ ఇంపార్టెంట్" అని రాసుకున్నాను.

గ్రాహమ్ వచ్చి మూడు వారాలైనా ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదు. పొడుగ్గా, వంగిపోయి, మీటింగుల్లో కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఓ రోజు డిజైన్ రివ్యూలో నా బ్రాకెట్ టెస్ట్ ఫెయిలైన ఫొటో తెరమీద పెట్టారు. ఎందుకు ఫెయిలైందని ఎవరో అడిగారు. నాలుగు రోజులుగా సమాధానం తయారుచేసుకున్నాను. అదంతా పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

"టు బి ఆనెస్ట్, దిస్ బ్రాకెట్ ఈజ్ ప్యాంట్స్," అన్నాను.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. ఎదురుగా కూర్చున్న అమెరికన్ ఒకాయన టేబుల్ కిందికి వంగి తన ప్యాంటు చూసుకున్నాడు. గ్రాహమ్ మాత్రం కిటికీ వదిలి నా వైపు తిరిగాడు. తర్వాత నవ్వాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వాడు. మీటింగ్ అయ్యాక నన్ను తన గదిలోకి పిలిచాడు. ఆయన మాట్లాడిందంతా ఇంగ్లీషే, మీకోసం తెలుగులో రాస్తున్నాను. నన్ను నువ్వన్నాడా మీరన్నాడా అని అడక్కండి. అంతగా నవ్విన మనిషి మీరు అనడు.

"ఆ మాట ఇలా ఎవరి నోటైనా విని మూడు వారాలైంది. ఎక్కడ నేర్చుకున్నావు?"

నోట్‌బుక్కులో అని చెప్పాల్సింది. అప్పుడే చెప్పి ఉంటే నాకు ఈ కథా లేదు, మీకు ఈ శ్రమా లేదు. కానీ తెలుసా అని ఎవరడిగినా తెలుసు అనడం మన ఇంటర్వ్యూ ధర్మం.

"మా తాతగారు ఇంగ్లీషు దొరల దగ్గర పనిచేశారండీ. కాలవల డిపార్ట్‌మెంట్. ఆయన మాటలే మా ఇంట్లో అందరికీ అబ్బాయి," అన్నాను.

మా తాతగారు రైస్ మిల్లులో గుమస్తా. జన్మలో ఒక్క దొరని చూసి ఎరగడు. తెల్లగా ఉన్నవాటిల్లో ఆయన చూసింది బియ్యమే.

ఇక రోజూ పదింటికీ మూడింటికీ గ్రాహమ్ గదిలో టీ. ఆయన సొంత కెటిల్, సొంత పాలు. నన్ను ప్రస్ అని పిలవడం మొదలుపెట్టాడు. ప్రసాద్‌లో సగం తినేశాడని శైలజ అంది. ఆ గదిలో ఆయన చాలా చెప్పేవాడు. భార్య ఆవిడ తల్లిని చూసుకుంటూ కవెంట్రీలోనే ఉండిపోయిందనీ, ఇక్కడ ఆదివారాలు గడవటం లేదనీ, గ్రాసరీ స్టోర్‌లో కూడా జనం తన మాట విని ఇంకోసారి చెప్పమంటారనీ. నేను విన్నానా అంటే చెవులతో విన్నాను. బుర్రలో మాత్రం నోట్‌బుక్కు పేజీలు తిరుగుతుండేవి. ఆయన ఊపిరి పీల్చుకునే సందులో నా మాట ఒకటి దూర్చాలి. ఆయన అత్తగారికి మోకాలి ఆపరేషన్ అంటే "గటెడ్" అన్నాను. నయమైందంటే "చఫ్డ్" అన్నాను. అంటే తెగ సంతోషమని. ఇది అరవై ఆరో మాట.

ఓ రోజు ధైర్యం చేసి నా లెటర్ సంగతి కదిపాను.

"నీ గురించే ఆలోచిస్తున్నాను ప్రస్. నీకు ఆ లెటర్ కంటే మంచిది చెయ్యాలి," అన్నాడు.

ఇంటికొచ్చి గెంతాను. శైలజ మాత్రం బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"లెటర్ కంటే మంచిదేముంటుందండీ? రెండు లెటర్లా?"

"నీకన్నీ అనుమానాలే. ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచాను. వడ్డించాక 'టక్ ఇన్' అను. వాళ్ల భాషలో తినమని."

"నేను తినండి అంటాను. ఆకలేస్తే ఆయనకే అర్థమవుతుంది."

అర్థమైంది. గుత్తివంకాయ కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు, కళ్లనీళ్లు పెట్టుకుంటూ పెరుగు కలుపుకున్నాడు, ఈ దేశం వచ్చాక ఇదే మొదటి ఇంటి భోజనం అన్నాడు. వెళ్లబోతూ కోటు జేబులోంచి పొడుగాటి కవరు తీసి నా చేతిలో పెట్టాడు. అంటించి ఉంది.

"నేను వెళ్లాక చూసుకో, నాకు సిగ్గు. ఏమైనా అభ్యంతరం ఉంటే శుక్రవారంలోగా చెప్పు. ఏమీ చెప్పకపోతే సరేననుకుంటాను."

"అభ్యంతరమా! మీ సంతకానికి నాకు అభ్యంతరమా!" అని రెండు చేతులతో కవరు కళ్లకద్దుకున్నాను.

కారు వీధి మలుపు తిరగకముందే శైలజ చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వండి, చింపుదాం."

"ఆగు. ఇంత పెద్ద కాగితం స్వామికి చూపించకుండా తెరుస్తామా? శనివారం గుడిలో పాదాల దగ్గర పెట్టించి, అర్చన చేయించి, అక్కడే తెరుద్దాం."

"స్వామి అంటించిన కవర్లోంచి కూడా చదవగలడు. మనకా శక్తి లేదు. ముందు మనం చదివి తర్వాత ఆయనకి చూపిద్దాం."

"తప్పు. లెంపలేసుకో."

మా ఇంట్లో కరెంటు బిల్లు తప్ప ఏ కవరూ దేవుడి దగ్గర పెట్టకుండా తెరవం. నా ఉద్యోగం ఆర్డరూ అంతే, శైలజ సీటు లెటరూ అంతే. అందుకే ఆవిడ కూడా ఆఖరికి తగ్గింది. కవరు వారం రోజుల పాటు దేవుడి గూట్లో, పసుపు బొట్టు పెట్టించుకుని, వెంకటేశ్వరస్వామి పటానికి ఆనుకుని కూర్చుంది.

ఆ వారమంతా టీ దగ్గర గ్రాహమ్ నా మొహంలోకే చూసేవాడు.

"ఏమైనా చెప్పాలనుందా ప్రస్?"

"ఏం చెప్పను గ్రాహమ్! చఫ్డ్ టు బిట్స్!"

"మీ ఆవిడ?"

"ఆవిడ నాకంటే చఫ్డ్!"

శుక్రవారం మధ్యాహ్నం ఆయనే నా సీటు దగ్గరికి వచ్చాడు. "అయితే ఖాయమేగా? సాయంత్రం హెచ్‌ఆర్‌కి చెప్పేస్తున్నాను."

"చెప్పేయండి!" అని ఫ్లోరంతా వినపడేలా అరిచాను. రోట్లో తల పెట్టినవాడు రోకటిపోటుకి వెరవడం లోకంలో ఉన్నదే. రోకలి తానే అందించి, గట్టిగా దంచమన్నవాణ్ని నేనే.

శనివారం పులిహోర ప్రసాదం మా పేరు మీద చేయించాను. నరేందర్ వచ్చాడు, తెలిసిన నాలుగు కుటుంబాలు వచ్చాయి. పంతులుగారు గోత్రనామాలు చదివి, కవరు పళ్లెంలో పెట్టి, స్వామి పాదాలకి తాకించి, తులసిదళంతో సహా తిరిగిచ్చారు. నరేందర్‌కి ఇచ్చి, "నువ్వే చదువు, అందరికీ వినపడేలా," అన్నాను.

వాడు చింపాడు. మొదటి వరుస చదివి ఆగిపోయాడు.

"అన్నా, పక్కకి పోయి చదువుకుందమా?"

"సిగ్గెందుకు, చదువు!"

"చదువుత మరి. శ్రీ ప్రసాద్ గారిని మా కవెంట్రీ ప్లాంట్‌కి శాశ్వతంగా బదిలీ చేయుటకు..." వాడు కాగితం కిందికి చూశాడు. "కింద చేత్తో రాసిండన్నా. ప్రస్, నీ మనసెక్కడుందో నాకు తెలిసిపోయింది. గ్రీన్ కార్డ్ పేరు చెప్పి నిన్ను ఈ దేశంలో కట్టిపడేస్తే పాపం తగులుతుంది. ఆ లెటర్ ఇక నీకు అక్కర్లేదు. మీ తాతగారు సంతోషిస్తారు. నిన్ను ఇంటికి పంపిస్తున్నాను."

ఒకాయన వచ్చి, "కంగ్రాట్స్ అండీ, లండన్‌కి దగ్గరేనా?" అని చెయ్యి కలిపాడు. పంతులుగారు తల వంచి, "శుభమేనా నాయనా?" అన్నారు.

"శుభమే పంతులుగారూ," అంది శైలజ. "స్వామివారు మమ్మల్ని ఇంకో సముద్రం దాటిస్తున్నారు."

పులిహోర పంచాం. ఏం చేస్తాం, చేయించాక పంచాలి కదా. ఇంటికొచ్చి గరాజ్‌లో కారు ఆపాక, శైలజ సీటు బెల్టు తియ్యకుండానే, "నా చదువు?" అని అడిగింది. అంతే అడిగింది. నేను ఎంసెట్ తప్పినా ఇంత ఏడ్చేవాణ్ని కాదు. నేను చేసిన వెధవపనికి ఆవిడ రెండేళ్ల కష్టం కట్టిపెట్టాలి. నా మీద నాకే అసహ్యం వేసింది.

సోమవారం నోట్‌బుక్కు పట్టుకుని గ్రాహమ్ గదికి వెళ్లాను. కెటిల్ పొగలు కక్కుతోంది. రెండు కప్పులు పెట్టి ఉన్నాయి. నిలబడే చెప్పాను. తాతగారి రైస్ మిల్లుతో మొదలుపెట్టి, పట్టిక, బట్టీ, కార్లో పరీక్షలు, దేవుడి గూడు, నర్సింగ్ కోర్సు, అన్నీ. ఆయన నోట్‌బుక్కు తీసుకుని మొదటి పేజీ నుంచి తిప్పాడు. ఎర్ర గీతల పేజీ దగ్గర కాస్త ఆగాడు.

"వీటిల్లో సగం మా నాన్న కూడా వాడడు," అన్నాడు. "ఈ నూట నలభై మూడోది బూతు. దీన్ని నువ్వు మొన్న వైస్ ప్రెసిడెంట్‌తో అన్నట్టున్నావు."

"అన్నానండి."

"ఆవిడకి అర్థం కాలేదులే, అదృష్టవంతుడివి."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నోట్‌బుక్కు మూసి నా వైపు జరిపాడు.

"నీతో కబుర్లు చెప్పుకుంటున్నాననుకున్నాను ప్రస్. నువ్వు పరీక్ష రాస్తున్నావన్నమాట."

నోట్‌బుక్కు తీసుకుని చంకలో పెట్టుకున్నాను. ఆయన ఫోన్ తీసి హెచ్‌ఆర్‌తో మాట్లాడాడు. బదిలీ కాగితం వెనక్కి తెప్పించాడు. ఆ మధ్యాహ్నమే నా గ్రీన్ కార్డ్ లెటర్ మీద సంతకం పెట్టి, మడత నలగకుండా చేతికిచ్చాడు. మంచి మనిషి. మర్నాడు పదింటికి అలవాటు చొప్పున వెళితే గది తలుపు వేసి ఉంది. కప్పు ఒకటే కనపడింది, అద్దంలోంచి. శైలజ చదువు నిలబడిందన్న సంతోషం ఉంది కానీ, ఆ ఒంటి కప్పు చూసి మాత్రం నిజంగా బాధపడ్డాను.

కథ ఇక్కడితో ముగిస్తే నాకు బాగుండేది.

కవెంట్రీలో ఖాళీ అలాగే ఉండిపోయింది. నరేందర్ వచ్చి, "నువ్వు వద్దన్నవు గదా అన్నా, నేనడుగుత. ఏమనుకోకు," అన్నాడు. అనుకునేదేముంది, వెళ్లమన్నాను. గ్రాహమ్ వాణ్ని, మా యాస నీకూ వచ్చా అని అడిగాడట. "రాదు సార్, మా అన్నకి అప్పజెప్పిచ్చిన, గంతే," అన్నాడట వీడు. ఆయన పడీ పడీ నవ్వి ఆ రోజే సంతకం పెట్టేశాడు.

గ్రాహమ్ కూడా ఆ తర్వాత గ్రీన్ కార్డ్‌కి అప్లై చేశాడు, భార్యని ఇక్కడికే తీసుకొచ్చేద్దామని. ఏడాదిన్నరలో వచ్చేసింది. ఆఫీసులో కేక్ కోశారు. నా కాగితాలు ఆయన కంటే ముందు వెళ్లాయి. కానీ గ్రీన్ కార్డ్ క్యూ మనం పుట్టిన దేశాన్ని బట్టి. ఇంగ్లండులో పుట్టినవాళ్ల క్యూలో మనుషుల్లేరు. మన క్యూలో, మన ముందు మనవాళ్లే, కనుచూపు మేర మనవాళ్లే. తొమ్మిదేళ్లైంది. వీసా పొడిగించుకుంటున్నాను, వేలిముద్రలు ఇస్తున్నాను, వేళ్లు అరిగిపోతున్నాయి గానీ క్యూ అరగట్లేదు. ఇండియా వెళితే తిరిగి రావడానికి పాస్‌పోర్ట్ మీద వీసా స్టాంపింగ్ కావాలి, దానికి డేట్ దొరక్క చెల్లెలి గృహప్రవేశం ఫోన్‌లో చూశాను.

నరేందర్‌కి అక్కడ ఐదేళ్లకి పర్మనెంట్ అయింది. ఆరో ఏడు దాటాక ఇంగ్లండు పాస్‌పోర్టే వచ్చింది. పిలిచి పిల్లనిస్తామంటే పేరు బాగాలేదన్నాడట వెనకటికొకడు. ఆ వెనకటికొకడు ఈ కాలంలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటున్నాడు.

మొన్న ఆగస్టులో నరేందర్ మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. వీసా లేదు, ఇంటర్వ్యూ లేదు. ఫోన్‌లో ఫారం నింపి, విమానం ఎక్కేశాడు. ఎయిర్‌పోర్ట్‌లో నేను పార్కింగ్ వెతుక్కునేలోపే బయటికొచ్చి నిలబడ్డాడు, కొత్త పాస్‌పోర్ట్ జేబులో.

"అన్నా, గంత సేపయింది రానీకి! ఒక్కసారి మా దిక్కు రారాదె, వదినని తీసుకొని. ఇల్లు పెద్దగనే ఉంది."

"వస్తే తిరిగి రావడానికి స్టాంపింగ్ కావాలి నాకు."

"ఓ, మర్చిపోయిన," అన్నాడు.

కాబట్టి, పాఠకమహాశయులారా, స్నానం చేసి, తూర్పు ముఖంగా నిలబడి, దేవుడి గూటి ఎదుట, భార్య సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి యాసా బట్టీ పట్టను. ఎవరైనా టీ పోసి మనసు విప్పితే నోరు మూసుకుని వింటాను. ఏ దేశం వాళ్లు ఏ ఊరికి రమ్మని పిలిచినా, ముందు పెట్టె సర్దుకుని, ఆ తర్వాతే కవరు చింపుతాను.

ఇదంతా గట్టిగా చదివి వినిపించాను. శైలజ హాస్పిటల్ డ్యూటీకి బూట్లు కట్టుకుంటూ శ్రద్ధగా వింది.

"ప్రమాణం బాగుందండీ," అంది. "ఇప్పుడు మిమ్మల్ని పిలిచేదెవరు?"